మూత పెట్టని కుండ

మా ఫ్యాక్టరీ గేటు ఎదుట చలివేంద్రంలో మూడు కుండలుంటాయి. మొదటి రెండింటికీ చెక్క మూతలున్నాయి. మూడోదానికి లేదు. తొమ్మిదేళ్ళుగా లేదు. ఎండాకాలంలో దుమ్ము పడుతుంది, వానాకాలంలో పైనున్న నిద్రగన్నేరు చెట్టు ఆకులు రాలి పడతాయి. పడిన ప్రతిసారీ ఈ చలివేంద్రం నడిపే ఓన్ మే నీళ్ళు పారబోసి, కుండ కడిగి, గుడ్డతో వడగట్టి మళ్ళీ నింపుతుంది గాని మూత మాత్రం పెట్టదు. దోమలు గుడ్లు పెడతాయే తల్లీ, రేపు వీధంతా జ్వరాలొస్తే నా ప్రాణాల మీదికొస్తుంది అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. వింటేనా. ఒకసారి నేనే త్వాంటే కుండల పడవలు దిగే రేవుకు వెళ్ళి మూత కొనుక్కొచ్చి పెట్టాను. మర్నాటికి అది నా క్లినిక్ గుమ్మంలో ఉంది.

ఎందుకు పెట్టదో నాకు తెలుసు. మనిషి నిద్రపోయినప్పుడు ప్రాణం సీతాకోకచిలుకై బయటికి వెళ్ళి తిరుగుతుందని మా బర్మావాళ్ళ నమ్మకం. దాహంతో పడుకున్నవాళ్ళ ప్రాణమైతే నీళ్ళు వెతుక్కుంటూ ఏ కుండలోనో దూరుతుంది. అది చూసుకోకుండా ఎవరైనా మూత పెట్టేశారంటే ఆ ప్రాణం లోపలే ఉండిపోతుంది, మనిషి మరి లేవడు. మా అమ్మమ్మ కుండకు మూత పెట్టేముందు వంగి లోపలికి ఒకసారి చూసేది. ఓన్ మే భయం మాత్రం నిద్రపోయేవాళ్ళ గురించి కాదు. చచ్చిపోయిన పిల్ల ఒకతి ఇంకా దాహంతో ఆ గేటు దగ్గరే తిరుగుతోందని ఆమె భయం. ఆ పిల్ల పేరు యమిన్.

నా సంగతి కూడా రెండు ముక్కలు చెప్పాలి. రంగూన్‌కి నది ఇవతల ఫ్యాక్టరీలన్నీ ఉన్న ఈ హ్లాయింగ్ తాయాలో ఇరవై రెండేళ్ళుగా సూదులు పొడుస్తున్నాను. నా పేరెవరికీ గుర్తులేదు, అందరికీ సిస్టరునే. నాకు కోపమెక్కువని ఫ్యాక్టరీ పిల్లలంటారు. వాళ్ళు తెచ్చే జబ్బులు చూస్తే ఎవరికైనా వస్తుంది. పదిమందిలో ఏడుగురిది ఒకటే జబ్బు, నీళ్ళు తాగకపోవడం. తలనొప్పి అంటూ వచ్చి మాత్ర అడుగుతారు. మాత్ర తర్వాత, ముందు ఈ రెండు గ్లాసుల నీళ్ళు తాగి ఆ బల్ల మీద కూర్చో అంటాను. కాసేపయ్యాక సగంమంది మాత్ర సంగతే మరిచిపోయి లేచి వెళ్తారు. కళ్ళు తిరగడం, కాళ్ళ పిక్కలు పట్టేయడం, పొద్దు వాలేసరికి కుట్టు వంకర పోవడం, చిన్న మాటకే ఒకరి మీద ఒకరు విరుచుకుపడటం, మూత్రంలో మంట, చివరికి కిడ్నీలో రాళ్ళు, అన్నీ అక్కడినుంచే మొదలవుతాయి. గోడ మీద నేనే రంగులు పూశాను. లేత గడ్డి రంగు నుంచి కషాయం రంగు దాకా ఐదు పట్టీలు, మీ మూత్రం ఏ రంగో చూసుకుని దాన్నిబట్టి నీళ్ళు తాగండి అని. అది చూసి పిల్లలు, సిస్టరు లుంగీల కొట్టు పెట్టిందే, నీకు ఏ రంగు కావాలే అని పకపకా నవ్వుకునేవాళ్ళు.

నవ్వేవాళ్ళు గాని తాగేవాళ్ళు కాదు. ఎందుకో తెలియనిదాన్ని కాను. తాగితే వెళ్ళాలి. వెళ్ళాలంటే కార్డు కావాలి.

కుట్టుపని ఒక్కో లైనులో నలభై రెండుమంది ఉంటారు. వాళ్ళందరికీ కలిపి పాయిఖానా కార్డు ఒక్కటే. అరచెయ్యంత చెక్కముక్క, ఎర్రరంగు, దాని మీద లైను నంబరు. అది మేకుకు వేలాడుతుంటే తీసుకుని వెళ్ళొచ్చు. మేకు ఖాళీగా ఉంటే వెళ్ళినమనిషి తిరిగొచ్చేదాకా బిగబట్టుకోవాలి. మేకు పక్కన లైను లీడరు నిలబడి ఉంటుంది. ఏడో లైనుకు లీడరు ఓన్ మే.

ఆమె చెడ్డమనిషి అయితే ఈ కథ నేను చెప్పక్కర్లేదు. పొట్టిగా, గుండ్రంగా ఉండేది. రెండు బుగ్గల మీదా తనాఖా గంధం వెడల్పుగా పూసుకునేది. పదహారేళ్ళప్పుడు దారాలు కత్తిరించే పనికి చేరి, మిషనెక్కి, ఇరవై ఏళ్ళకు లీడరయింది. ఏ మిషను కుట్టు వదిలేస్తోందో చప్పుడు విని చెప్పేసేది. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగితే, నలభై రెండుమంది కూతుళ్ళు చాలరా అనేది. వట్టి మాటకు కాదు. జ్వరమొచ్చిన పిల్లని తనే చెయ్యిపట్టుకుని నా దగ్గరికి తెచ్చేది, తన అన్నం డబ్బా దానికిచ్చి తను పస్తుండేది. ఒక్క విషయంలోనే నాకూ ఆమెకూ పడేది కాదు. పొద్దున ఏడింటికి లైనులోకి వెళ్తే సాయంత్రం ఆరుదాకా తనకు కార్డుతో పనిలేదని గొప్పగా చెప్పుకునేది. ఆ విద్య పిల్లలకూ నేర్పేది.

ఆ విద్యేమిటంటే రేగుపళ్ళు. ఉప్పులో ఊరేసి, తన గది రేకుల మీద ఎండబెట్టిన రేగుపళ్ళు సంచినిండా తెచ్చేది. ఒకటి బుగ్గన పెట్టుకుంటే నోరూరుతూ ఉంటుంది, దాహం తెలియదు, నీళ్ళు తాగక్కర్లేదు, కార్డు అడగక్కర్లేదు. వాళ్ళమ్మ నాట్లు వేసేటప్పుడు అలాగే చేసేదట. ఉప్పు ఒంట్లో నీళ్ళను లాగేస్తుందే, దాహం తెలియకపోవడం దాహం తీరడం కాదే అని నేనన్నాను. అయితే నువ్వు తినకు సిస్టరూ అని నా చేతిలో రెండు పెట్టింది. తిన్నాను. బాగున్నాయి. ఆ పూట ఇంకేమీ అనలేదు.

యమిన్ ఆ లైను చివర ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసేది. పందొమ్మిదేళ్ళు. డెల్టాలో బొగలే వాళ్ళది. పెద్ద తుఫానులో తండ్రి, ఇల్లు, పడవ అన్నీ కొట్టుకుపోతే తల్లీ కూతురూ ఇక్కడికొచ్చారు. మా ఫ్యాక్టరీలో కుట్టేవి మంచు కురిసే దేశాలకు పోయే దూది కోట్లు. ఏప్రిల్ నెల ఎండలో, రేకుల షెడ్డులో, ఆ కోట్లకు ఆవిరిపెట్టె పట్టి ఇస్త్రీ చేయడమంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ పిల్ల రవిక పొద్దున పదింటికే తడిసి, సాయంత్రానికి తెల్లటి ఉప్పుచారలు తేలేది. మూత్రంలో మంటని నా దగ్గరికొచ్చింది. కషాయం రంగు పట్టీ మీద వేలు పెట్టి, ఇది నాదే సిస్టరూ అంది. గంటకో గ్లాసు తాగాలని గట్టిగా చెప్పాను.

"తాగితే మాటిమాటికీ కార్డు అడగాలి సిస్టరూ. నలుగురూ నవ్వుతారు. ఓన్ మే అక్క మొహం చిన్నబుచ్చుకుంటుంది."

అలా నెమ్మదిగా చెప్పి మాత్రలు తీసుకుని వెళ్ళిపోయింది. నేను లైనులోకి వెళ్ళి ఓన్ మేతో పోట్లాడాల్సింది. మర్నాడు వెళ్దామనుకున్నాను. మర్నాడు ఏదో పని పడింది.

నీళ్ళ పండగ తింజాన్‌కి ఇంకా ఆరు రోజులుందనగా మధ్యాహ్నం మూడున్నరకు ఆ పిల్లని నలుగురు మోసుకొచ్చారు. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది, చెమట చుక్క లేదు. చెమట పట్టడానికి లోపల ఏమీ మిగల్లేదు. పిలిస్తే పలకలేదు. నాలుక చూద్దామని నోట్లో వేలు పెడితే బుగ్గన గట్టిగా ఏదో తగిలింది. బయటికి తీశాను. రేగు గింజ. తలెత్తేసరికి గుమ్మంలో ఓన్ మే నిలబడి నా చేతిలోకే చూస్తోంది. నేను ఆ గింజను జేబులో వేసుకున్నాను.

మా క్లినిక్ డాక్టరుగారి కారులో పెద్దాసుపత్రికి బయల్దేరాం. వీధిలో పిల్లలు పండగ ముందే మొదలుపెట్టేసి వచ్చేపోయే బండ్ల మీద బకెట్లతో నీళ్ళు చల్లుతున్నారు. మా కారు మీదా చల్లారు. కిటికీలోంచి నీళ్ళొచ్చి యమిన్ మొహం నిండా పడ్డాయి. కనురెప్ప కదల్లేదు. వంతెన దాటకముందే పోయింది.

నన్ను ఇప్పటికీ వదలనిది ఆ బకెట్ నీళ్ళే. ఒక్కోరోజు మొహం కడుక్కుంటుంటే చేతులు ఆగిపోతాయి.

శవాన్ని ఇంటికి తెచ్చాక, మావాళ్ళ పద్ధతి ప్రకారం రేవు దాటడానికి నోట్లో నాణెం పెట్టారు. గింజ ఉన్న బుగ్గలోనే పెట్టారు. పాడె గుమ్మం దాటుతుంటే ఇంట్లో నీళ్ళకుండ పగలగొట్టారు. తల్లి ఖిన్ ప్యూ నా చెయ్యి పట్టుకుని, నా కూతురికి ఏమైంది అని అడిగింది. వడదెబ్బ అన్నాను. అబద్ధం కాదు. ఫ్యాక్టరీవాళ్ళూ అదే అన్నారు. ఓన్ మే సందు చివర గోడ చాటున నిలబడి అందరూ వెళ్ళాక వెళ్ళింది. వారం తిరగ్గానే ఖిన్ ప్యూ గది ఖాళీచేసి డెల్టాకు వెళ్ళిపోయింది. గింజను నేను ఒక మాత్రల సీసాలో వేసి సొరుగులో పెట్టాను. పారేయడానికి చెయ్యి రాలేదు, ఎవరికైనా ఇవ్వడానికి ధైర్యం చాలలేదు.

ఓన్ మే పండగ రోజునే పని మానేసింది. జుట్టు తీయించుకుని కొన్నాళ్ళు మఠంలో ఉంది. అక్కడా నిద్రపట్టలేదట. కళ్ళు మూసుకుంటే ఎవరో వెనకనుంచి, అక్కా, కార్డు అంటున్నట్టుండేదట. తిరిగొచ్చి గేటు ఎదుట చెట్టు కింద కుట్టుమిషను పెట్టుకుంది. లుంగీ అంచులు, ఊడిన జిప్పులు, అదే బతుకు. పక్కనే చలివేంద్రం కట్టింది. మా దగ్గర చలివేంద్రం పెట్టినవాళ్ళు పైన పలకమీద ఇంటిల్లిపాది పేర్లూ రాయించుకుంటారు. ఓన్ మే పలక ఆకుపచ్చ రంగు వేసి ఖాళీగా వదిలేసింది. పేరెందుకు రాయించలేదే, పుణ్యం ఎవరికి చేరాలో దానికెలా తెలుస్తుంది అని మిషను దగ్గరికొచ్చే ఆడవాళ్ళు వేళాకోళమాడేవాళ్ళు. నవ్వి ఊరుకునేది.

క్లినిక్ గొట్టంబావి నుంచి కావడితో రోజుకు పన్నెండు బిందెలు మోసేది. షిఫ్టు మొదలయ్యే ముందు, అన్నాల గంటకు, సాయంత్రం విడిచాక పిల్లల్ని పేరుపేరునా పిలిచి తాగించేది. గ్లాసు చేతిలో పెట్టి ఖాళీ అయ్యేదాకా కదలనిచ్చేది కాదు. ఎండ మండే రోజుల్లో నిమ్మకాయ, చిటికెడు ఉప్పు, బెల్లం కలిపి పెట్టేది. నేను పదమూడేళ్ళు అరిచి చేయించలేనిది ఆమె ఏడాదిలో చేయించింది. నా దగ్గరికి తలనొప్పులు రావడం తగ్గింది. లైను లీడర్లను ఒక్కొక్కరినీ పట్టుకుని పీడించి రెండో కార్డు పెట్టించింది.

ఇంతవరకూ బాగానే ఉంది. నాలుగేళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం మిషను మీదికి వాలిపోయింది. తీసుకెళ్ళి పడుకోబెట్టి చూస్తే పెదాలు పొలుసులు కట్టి ఉన్నాయి. మూత్రం పట్టిస్తే నా గోడమీద ఆఖరి పట్టీ కంటే ముదురుగా ఉంది. గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు బయటపడింది. ఇంతమందికి తాగించే మనిషి, పొద్దున సైరన్ నుంచి సాయంత్రం సైరన్ దాకా తను చుక్క ముట్టదు. యమిన్ పోయినప్పటినుంచీ అంతే.

అప్పట్నుంచి అదే మా ఇద్దరికీ గొడవ. రాళ్ళు పడ్డాయి, చీము పట్టింది, రెండుసార్లు ఆసుపత్రిలో ఉండొచ్చింది. పోయినేడు ఎండలు మొదలయ్యాక డాక్టరుగారు పరీక్షల కాగితాలు ముందు పెట్టుకుని, రెండు కిడ్నీలూ కలిపి సగం కూడా పనిచేయడం లేదు, ఇకనైనా పగలంతా నీళ్ళు తాగుతూ ఉంటే ఉన్నది నిలుస్తుంది, లేకపోతే ఈ ఎండాకాలం దాటడం కష్టమే అన్నారు. సరేనండి అంది. బయటికొచ్చాక నేను గ్లాసు నోటిదాకా తీసుకెళ్ళాను. పళ్ళు బిగించింది. చిన్నపిల్లకు మందు పోసినట్టు ముక్కు పట్టుకుని పోద్దామా అనిపించింది.

"నా గొంతు దిగదు సిస్టరూ. దిగేటప్పుడు అది చూస్తుంటుంది."

అంటూనే ఓన్ మే మూడో కుండవైపు చూసింది.

ఆ కుండ సంగతి అప్పుడే చెప్పింది. సాయంత్రం పిల్లలు వెళ్ళాక మూడు కుండలూ అంచుదాకా నింపి ఇంటికి వెళ్తుంది. తెల్లారి వచ్చేసరికి రెండు నిండుగానే ఉంటాయి, మూడోది బెత్తెడు తగ్గి ఉంటుంది. నాలుగు నెలలుగా రోజూ ఇదే వరస. మట్టికుండ చెమర్చి ఉంటుంది, పగులుంటుంది అన్నాను. కుండ మార్చింది. కొత్తదీ తగ్గింది. రెండో కుండను మూడోదాని చోట పెట్టి మూత తీసింది. అదీ తగ్గింది. కుక్కలు తాగుతాయేమో అన్నాను, నాకే నమ్మకం కలగలేదు. అంత ఎత్తు అరుగు మీదికి ఏ కుక్కెక్కుతుంది.

"ఎన్నాళ్ళు తాగినా దానికి తీరడం లేదు," అంది ఓన్ మే. ఆ మాటంటున్నప్పుడు ఆమె మొహంలో భయం లేదు. వెళ్ళిపోయే మనిషి ఇల్లు సర్దుకుంటున్నట్టుంది. నాకు భయమేసింది. అరిచి గోలచేస్తే తగ్గే జబ్బులే నాకు తెలుసు, ఇది అలాంటిది కాదు. సరే, ఎవరు తాగుతున్నారో మన కళ్ళతో చూద్దాం, రేపు తెల్లవారుజామున నా క్లినిక్ వరండాలో కూర్చుందాం అన్నాను. చూస్తే ఏ తాగుబోతో, ఏ రిక్షావాడో తేలతాడు, ఈమె పిచ్చి వదులుతుందని నా లెక్క.

తూరుపు తెల్లబడుతుండగా ఇద్దరం వరండా మెట్ల మీద కూర్చున్నాం. మొహింగా చేపల పులుసు కాచేవాళ్ళ పొయ్యి పొగ వీధి చివర్నుంచి వస్తోంది. చేపలసంత వైపు వెళ్ళే ఆడవాళ్ళు ఒకరిద్దరు దాటిపోయారు. వాళ్ళ వెనక ఒక ముసలామె నడుముకు రబ్బరు గుడ్డ చుట్టుకుని వచ్చి చలివేంద్రం దగ్గర ఆగింది. చెప్పులు విప్పింది. మూతలున్న కుండల జోలికి పోలేదు. మూడో కుండలో గ్లాసు ముంచి, చెట్టు మొదట్లో కూర్చుని, చుక్కచుక్కగా నేలమీద పోయడం మొదలుపెట్టింది. చేసిన పుణ్యం పోయినవాళ్ళకు పంచేటప్పుడు మేమలాగే పోస్తాం. ఒక గ్లాసు అయ్యాక ఇంకొకటి ముంచింది. తర్వాత ఇంకొకటి.

"యమీ, రా అమ్మా. ఇవాళ చల్లగా ఉన్నాయి. కడుపునిండా తాగు."

ఖిన్ ప్యూ. ఎనిమిదేళ్ళలో ఇరవై ఏళ్ళు మీద పడ్డట్టుంది, గొంతు మాత్రం అదే. ఓన్ మే వేళ్ళు నా ముంజేతిలో దిగబడిపోయాయి. పట్టుకుని ఆపుదామనుకున్నాను. ఆపి ఏం చేస్తానో నాకే తెలియదు. ఆమె లేచి వీధి దాటి, ఆ ముసలామె ఎదుట మోకాళ్ళమీద కూర్చుని చేతులు జోడించింది. వెనకే నేనూ వెళ్ళాను.

"అక్కా, నేను ఓన్ మేని. మీ యమిన్ పనిచేసిన లైనుకు లీడర్ని. ఆ రోజు కార్డు మేకుకు లేదు. నా జేబులో ఉంది. నాలుగింటికి లారీ వెళ్ళాలి, ఎవరూ లేవకూడదని జేబులో వేసుకున్నా. రెండింటికి అడిగింది. మూడింటికి మళ్ళీ అడిగింది. నీళ్ళు కూడా తాగొస్తానంది. నేను దాని చేతిలో ఉప్పు రేగుపండు పెట్టి, ఇది చప్పరిస్తూ ఉండు, లారీ వెళ్ళాక వెళ్దువుగాని అన్నా."

ఖిన్ ప్యూ చేతిలో గ్లాసు అలాగే ఉంది. అడిగినప్పుడు గొంతు చాలా మామూలుగా ఉంది.

"అదేమంది?"

"సరే అక్కా అంది."

"అంతే. ఏం చెప్పినా సరే అనేది." తలూపింది. "నా దగ్గరా అంతే."

ఇక నేనుమాత్రం ఎన్నాళ్ళు దాచను. క్లినిక్‌లోకి వెళ్ళి సొరుగులోంచి సీసా తెచ్చాను. ఇది దాని నోట్లోంచి నేనే తీశానక్కా, మీరడిగినప్పుడు వడదెబ్బ అని ఊరుకున్నాను, మిగతాది చెప్పలేదు అన్నాను. సీసా వంచి గింజను తన అరచేతిలో పోసుకుని ఖిన్ ప్యూ వెలుగులోకి పెట్టి చూసింది. తర్వాత ఎవరూ ఊహించని పని చేసింది. ఆ గింజను నోట్లో వేసుకుని బుగ్గన పెట్టుకుంది. కళ్ళు మూసుకుని కాసేపు చప్పరించింది. మేమిద్దరం చూస్తూ ఉన్నాం.

"ఉప్పు మొత్తం పోయింది," అంది.

గింజ తీసి కొంగున ముడేసుకుంది. మూడో కుండవైపు చూసింది.

"దీనికి మూత తీసింది నువ్వేనా?"

ఓన్ మే తలూపింది.

"చేపలు కోసే పని దొరికి నాలుగు నెలల కిందట మళ్ళీ ఇటొచ్చా. మొదటిరోజే మూతలేని కుండ కనిపించింది. దాహంతో పోయినవాళ్ళ కోసం ఎవరో తెరిచిపెట్టారు, ఎవరో గాని దేవతలాంటి మనిషి అనుకున్నా. నా పిల్లకీ ఇందులో వాటా ఉంటుందని రోజూ వస్తున్నా." ఓన్ మే వైపు తిరిగింది. "నువ్వా."

ఆ ఒక్క మాటకు ఓన్ మే నేలకు వంగిపోయింది. కొట్టినా బాగుండేది. నాకు ఏం చెయ్యాలో తోచక, నోరూరుకోక అంతా కక్కేశాను. ఈమె ఎనిమిదేళ్ళుగా పగలు చుక్క ముట్టదక్కా, కిడ్నీలు పాడైపోయాయి, ఇలాగే ఉంటే ఎండాకాలం దాటదని డాక్టరుగారన్నారు అన్నాను. చెప్పాక నాలుక కరుచుకున్నాను. ఈ తల్లికి ఆ జాలి ఎందుకుండాలి.

జాలి పడలేదు. కోపం వచ్చింది. ఆ పొద్దున మొదటిసారి ఆమె మొహంలోకి రక్తం వచ్చింది.

"దాహంతో చచ్చి నా కూతురి దగ్గరికి పోదామనా? అక్కడ కూడా దానికి లీడరువవుతావా?"

ఓన్ మే తలెత్తలేదు. ఖిన్ ప్యూ లేచి గ్లాసు నిండా ముంచి, వంగి, ఆమె గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది.

"నువ్వు పోతే ఈ కుండ ఎవరు నింపుతారు? నా కూతురు నీళ్ళకి ఇంకెక్కడికి పోవాలి? తాగు."

ఓన్ మే తాగింది. సగం గ్లాసు లోపలికి, సగం రవిక మీదికి. దగ్గింది, పొలమారింది, ఏడ్చింది. ఖిన్ ప్యూ వీపు నిమరలేదు, ఓదార్చలేదు. గ్లాసు మళ్ళీ ముంచింది. మూడో గ్లాసు అయ్యేసరికి పొద్దున సైరన్ మోగింది. పిల్లలు గుంపులుగా రావడం మొదలైంది. ఖిన్ ప్యూ చెప్పులు వేసుకుంటూ తలెత్తి ఖాళీ పలక చూసింది. పేరెందుకు లేదని అడిగింది. నా పేరు రాయించుకోవడానికి సిగ్గు, దాని పేరు రాయించడానికి భయం అంది ఓన్ మే. దాని పేరే రాయించు అని చెప్పి సంతకు వెళ్ళిపోయింది.

ఇది పోయిన ఎండాకాలం సంగతి. పలకమీద ఇప్పుడు పసుపురంగుతో యమిన్ అని ఉంది. ఓన్ మే కిడ్నీలు పోయినంత మేరకు పోయాయి, మిగిలింది నిలబడింది. ఈ ఎండాకాలమూ దాటుతుందని డాక్టరుగారు ఒప్పుకున్నారు. మూడో కుండకు ఇప్పటికీ మూత లేదు. నేనూ అడగడం మానేశాను. దోమల గుడ్లు లేకుండా రోజూ నేనే వంగి చూస్తున్నాను. చూస్తున్నది దోమలకోసమేనా అంటే చెప్పలేను.

క్షమించానని ఖిన్ ప్యూ ఎప్పుడూ అనలేదు. అంటుందని ఓన్ మే ఎదురుచూడటం లేదు కూడా. వాళ్ళిద్దరూ కూర్చుని మాట్లాడుకోవడం నేను చూడలేదు. చేపల పని అయిపోయి తిరిగి వెళ్తూ ఖిన్ ప్యూ రోజూ మధ్యాహ్నం మూడున్నరకు మిషను దగ్గర ఆగుతుంది. మూడో కుండలో గ్లాసు ముంచి ఓన్ మే చేతికిస్తుంది. తాగేదాకా ఎదురుగా నిలబడుతుంది. ఖాళీ అయ్యాక గ్లాసు తీసుకుని బోర్లించి చూస్తుంది. చుక్క రాలితే మళ్ళీ నింపుతుంది.